అరటి తోట నీటి లెక్క: మీటరు మేలా, సూత్రం మేలా?

కిలో అరటిపండ్లకు ప్రపంచ సగటున 790 లీటర్ల నీరు ఖర్చవుతుందని 2011లో మెకోనెన్, హూక్‌స్ట్రా అనే పరిశోధకులు లెక్కగట్టారు. ఇలా కిలో పంటకు ఖర్చయ్యే నీటినే దాని నీటి పాదముద్ర అంటారు. అందులో 660 లీటర్లు వాన నీరు, 97 లీటర్లు పారించిన నీరు, మిగిలిన 33 లీటర్లు ఎరువుల కాలుష్యాన్ని పలచబరచడానికి కావలసిన నీరు. సుమారు 550 మిల్లీమీటర్ల వానపడే అనంతపురంలో బోరును నమ్ముకుని జి-9 రకం అరటి పెంచే రైతుకు ఈ సగటు దారి చూపదు. తన తోట లెక్క తానే తీసుకోవాలి.

అందుకు ఒక దారి సూత్రం. ఎండ, గాలి, తేమ, ఉష్ణోగ్రతలను బట్టి ఆ రోజు పచ్చిక నేల నుంచి ఎంత నీరు ఆవిరవుతుందో లెక్కకట్టి, దాన్ని పంట గుణకంతో (పచ్చికకు ఎన్ని రెట్ల నీరు ఆ పంటకు కావాలో చెప్పే అంకెతో) హెచ్చవేస్తారు. ఎదిగిన అరటికి ఈ గుణకం సుమారు 1.1. వేసవిలో ఒకనాటి ఆవిరి 6 మిల్లీమీటర్లయితే తోటకు 6.6 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకు దాదాపు 26,700 లీటర్లు కావాలి. 1,500 చెట్లుంటే చెట్టుకు 18 లీటర్ల లోపే. వాన తీర్చినదెంత, బోరు తీర్చినదెంత అని విడదీసి చూపగలగడం ఈ పద్ధతి బలం. అయితే ఇది తోట అడిగే నీటిని చెబుతుందే తప్ప మనం పోసిన నీటిని కాదు.

ఆ తేడా మోటారు దగ్గర మీటరు బిగిస్తేనే బయటపడుతుంది. చెట్టుకు గంటకు 4 లీటర్లిచ్చే డ్రిప్పర్లు రెండుంటే, పై 18 లీటర్లకు రెండుంబావు గంటలు చాలు. ఆటో స్టార్టరు మీద వదిలేసిన మోటారు ఐదు గంటలు నడిస్తే చెట్టుకు 40 లీటర్లు పోతాయి, సూత్రానికి ఆ సంగతే తెలియదు. (బోరు నీటిని ‘రెండంగుళాలు’ అని చెప్పుకోవడం మన అలవాటు గానీ, అంగుళాలతో పాదముద్ర లెక్క తేలదు.) మీటరుకూ ఒక లోటుంది, నీరు ఏ చెట్టుకు చేరిందో అది చెప్పదు. డ్రిప్పరు కింద పావుగంట గిన్నె పెడితే లీటరు నిండాలి; ఉప్పు పేరుకున్నచోట ఆరువందల మిల్లీలీటర్లే పడవచ్చు. కాబట్టి డ్రిప్పర్లుండే లేటరల్ పైపు మొదట్లో, చివర్లో కూడా గిన్నె పెట్టి చూడాలి.

ఒక్కటే ఎంచుకోవలసి వస్తే, బోరు తోటకు మీటరే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ తరిగేది భూగర్భ జలం. రావులపాలెం చుట్టుపక్కల గోదావరి కాలువ నీటిని బోదెల్లో పారించే తోటకు మీటరు బిగించే చోటే దొరకదు, కనుక సూత్రమే దిక్కు. ఇంతకూ అనంతపురం బోరు లీటరూ గోదావరి కాలువ లీటరూ ఒక్కటి కాదు. నీటి పాదముద్రకు సంబంధించిన 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14046 స్థానిక నీటి ఎద్దడిని కూడా లెక్కలోకి తెమ్మంటుంది.

పోసిన నీటిని దిగుబడితో భాగించేటప్పుడూ జాగ్రత్త అవసరం. ఎకరాకు 60 లక్షల లీటర్లు పోసి 30 టన్నుల గెలలు కోశామనుకుంటే కిలోకు 200 లీటర్లు. గెల కాడలు, ఏరివేసిన కాయలు కలిపి 3 టన్నులు తీసేస్తే అదే తోట లెక్క 222 లీటర్లవుతుంది.