ఇష్టమైన హోటల్లో ఆ ఒక్క పూట: బఫేనా, చెప్పి వండించుకోవడమా?

ధనుర్మాసం కచేరీలకు ఏటా చెన్నై వెళ్తాం. వెళ్లినప్పుడు ఒక పూట ఒక పెద్ద హోటల్లోని దక్షిణాది రెస్టారెంటులో భోంచేయడం పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. ఆరేళ్ల కిందట నాకు సీలియాక్ ఉందని తేలింది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ లోపలికి వెళ్తే చిన్న పేగు లోపలి పొర దెబ్బతినే జబ్బు ఇది. జీవితాంతం వాటికి దూరంగా ఉండడమే వైద్యం. అయినా ఆ పూట భోజనం వదులుకోవడానికి మనసు రాలేదు.

బియ్యం తినేవాళ్లకు ఇబ్బందేమిటని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. చిక్కంతా ఇంగువతో వచ్చింది. మనం కొనే పొడి అచ్చమైన ఇంగువ కాదు. ఆ మొక్క జిగురు మరీ ఘాటు కాబట్టి పిండి, తుమ్మజిగురు కలిపి అమ్ముతారు. చాలా రకాల్లో ఆ పిండి గోధుమదే. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. అంటే సాంబారు, రసం, పులిహోర, చివరికి పెరుగన్నం తాలింపు కూడా అనుమానమే.

మొదట బఫే చూశాను. కళ్లెదుట ముప్పై రకాలుంటే ఏదో ఒకటి దొరక్కపోదన్న ధీమా. సాదా దోసె అడిగాను. అప్పుడే రవ్వ దోసె తీసిన పెనం అది, అంచున ఎర్రగా కాలిన పలుకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. వంటతను నీళ్లు చిలకరించి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, నా పిండి పోశాడు. చూస్తూ కూడా మొహమాటపడి తిన్నాను. రెండు రోజులు మంచం దిగలేదు, రెండు కచేరీలు పోయాయి. పెనం సంగతి సరే, పూరీలు వేగిన నూనెలోనే అప్పడాలు వేస్తారు, ఒక గిన్నెలోని గరిటె మరో గిన్నెలోకి వెళ్తుంది. బఫేలో ఎవరినీ తప్పుపట్టలేం, కానీ మాలాంటివాళ్లకు అది పనికిరాదు.

మరుసటి ఏడాది మెనూలో ‘గ్లూటెన్ రహితం’ అని గుర్తున్న కొత్త చోటికి వెళ్లాం. మన దేశంలో ప్యాకెట్ మీద ఆ మాట వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. కానీ మెనూలో గుర్తు చూసినంత మాత్రాన పెనం ఎవరితో పంచుకున్నారో తెలియదు. ఇటలీలో అయితే నా మాట వేరు. అక్కడ సీలియాక్ రోగుల సంఘమే శిక్షణ ఇచ్చి రెస్టారెంట్లను జాబితాలో చేరుస్తుంది. భాష రాని ఊళ్లో అదే మేలు. చెన్నైలో మాత్రం ఉడికించిన కూరగాయలు తిని లేచాను.

ఇప్పుడు నేను పట్టుకున్న దారి ఫోను. ముందు రోజు మధ్యాహ్నం మూడు దాటాక, వంటశాల కాస్త ఊపిరి పీల్చుకునే వేళ చేసి, వంట పెద్దనే అడుగుతాను. గ్లూటెన్ అన్న మాటతో పని జరగదు. గోధుమపిండి, మైదా, రవ్వ, సేమ్యా, బార్లీ, సోయా సాస్, ఇంగువ పొడి అని పేరుపేరునా చెప్పాలి. మొదటిసారి ఆయన కాసేపు ఆలోచించి, “ఇంగువే వద్దమ్మా, వెల్లుల్లి, మిరియాలతో రసం పెడతాను. దోసె బదులు ఆప్పం తినండి” అన్నారు. నాకు తట్టని సంగతి అది. ఆప్పానికి గుంట పెనం వేరే ఉంటుంది, దాని మీద రవ్వ దోసె ఎవరూ పోయరు. బియ్యప్పిండి, కొబ్బరిపాలు, అంతే. అంచులు కరకరలాడుతూ, నడుమ దూదిలా ఉన్న ఆ ఆప్పం విరిచినప్పుడు, అనుమానం లేకుండా తినడం ఎన్నాళ్లకు అనిపించింది.

దీనికీ కష్టాలున్నాయి. నాలుగైదు రకాలకు మించి దొరకవు, బఫే కంటే ఖర్చు ఎక్కువ, అరగంట కాచుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం అడగడం వాళ్లను ఇరుకున పెట్టడమే. తలుపులు తీయగానే వెళ్తే నూనె కూడా కొత్తగా ఉంటుంది. ఆ పెద్దాయన సెలవులో ఉండి, ఫోను తీసినవాళ్లు వినకుండానే “పర్లేదు, చూసుకుంటాం” అంటే మాత్రం నేను తినను. మావారు తృప్తిగా భోంచేస్తారు, నేను ఎదురుగా కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతాను.