గాజు చూసి మోసపోకండి: సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెంటాక్స్ ఎఫ్ఏ 645 75ఎంఎం, ఏడాది వాడాక

లెన్స్ బాగుంది, ఇంకా వాడుతున్నాను, అమ్మే ఉద్దేశం లేదు. ఎలా ఉందో మాత్రమే తెలిస్తే చాలనుకునేవాళ్లకి ఇంతే. కానీ సెకండ్ హ్యాండ్‌లో మీడియం ఫార్మాట్ (మామూలు కెమెరాల కన్నా పెద్ద సెన్సర్ ఉన్నవి) లెన్స్ కొనబోయేవాళ్లు మిగతాది కూడా చదవండి, ఎందుకంటే దీనికన్నా ముందు ఇంకో లెన్స్ కొని 48 వేలు పోగొట్టుకున్నాను, అది ఎందుకు పోయిందో తెలిశాకే ఇది సరిగ్గా కొనగలిగాను.

నేను తిరుపతిలో ఉంటాను. సీజన్లో పెళ్లిళ్లు తీస్తాను, కానీ మీడియం ఫార్మాట్ కొన్నది పెళ్లిళ్ల కోసం కాదు, శ్రీకాళహస్తి కలంకారీ కోసం. అక్కడ చేత్తో గీసేవాళ్ల బట్టలకి కేటలాగు ఫొటోలు తీసి ఇస్తుంటాను. వెదురు పుల్లకి గుడ్డ చుట్టి దారంతో కట్టిన కలాన్ని రంగులో ముంచి, వేళ్లతో కొంచెం కొంచెం నొక్కుతూ గీస్తారు కదా, ఆ నల్లగీతని దగ్గరగా చూస్తే ఎక్కడ చెయ్యి ఆగిందో, ఎక్కడ రంగు కాస్త ఎక్కువ దిగిందో కనిపిస్తుంది. అచ్చు వేసిన బట్టలో అది ఉండదు. రెండింటి ధరకీ చాలా తేడా, కొనేవాళ్లేమో ఎక్కడో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఫోన్లో పెద్దది చేసి చూసుకుంటారు. ఆ గీత ఫొటోలో కాస్త మెత్తబడితే నెలల తరబడి కూర్చుని గీసినవాళ్ల పని అచ్చు బట్టలా కనిపిస్తుంది. అందుకే ఫోకస్ విషయంలో నేను ఇంత పట్టుదలగా ఉంటాను.

మొదటి లెన్స్ సంగతి. అప్పుడు నా దగ్గర వేరే కంపెనీ కెమెరా బాడీ ఉండేది. పేరు రాయను, ఎందుకంటే తప్పు తయారుచేసినవాళ్లది కాదు, నాకంటే ముందు దాన్ని ఎవరు ఎలా వాడారో, ఎన్నాళ్లు మూలన పడేశారో ఎవరికి తెలుసు. చెన్నైలో ఒక షాపులో ఉందని తెలిసి పొద్దున్నే రైలెక్కి వెళ్లాను. షాపాయన టార్చి వేసి లోపలంతా చూపించాడు. ఫంగస్ లేదు, గీతలు లేవు, వెలుతురుని తగ్గించే, పెంచే అపర్చర్ ఆకుల మీద నూనె లేదు. "సార్, గ్లాస్ చూడండి, అద్దంలా ఉంది" అన్నాడు, నిజంగానే అలాగే ఉంది. కౌంటర్ మీద బాడీకి తగిలించి ఎదురుగా ఉన్న బోర్డు మీద ఫోకస్ చేస్తే టక్కున పట్టింది. పది షాట్లు తీశాను, పదీ షార్ప్. డబ్బు కట్టేసి సాయంత్రం బండికి తిరిగొచ్చేశాను.

నాలుగు రోజుల తర్వాత శ్రీకాళహస్తిలో ఒక ఇంటి వసారాలో నేల మీద బట్ట పరిచి, ట్రైపాడ్‌కి కెమెరా కిందికి చూసేలా బిగించి తీయడం మొదలుపెట్టాను. బటన్ సగం నొక్కితే లెన్స్ గర్‌ర్ అని తిరిగింది, ఆగింది, మళ్లీ వెనక్కి వెళ్లింది, ఫోకస్ దొరికినట్టు బీప్ కూడా ఇచ్చింది. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే రాముడి కన్ను ఒక షాట్‌లో కత్తిలా ఉంది, తర్వాతి షాట్‌లో అదే కన్ను, అదే దూరం, కెమెరా కదల్లేదు, గీత అంచు నీళ్లు తగిలిన సిరాలా చెదిరిపోయింది. ముప్పై తీస్తే పన్నెండో పదమూడో పనికొచ్చాయి. కాసేపు నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను, బాడీ పాడైందనుకున్నాను, ఒకటే టెన్షన్. కెమెరాని మామూలుగా గోడకి ఎదురుగా పెడితే మళ్లీ బాగానే పనిచేసింది.

చెన్నైలోనే ఒక మెకానిక్ విప్పి చూశాక అర్థమైంది. లెన్స్ లోపల ఫోకస్‌ని తిప్పే మోటారు బలం తగ్గిపోయింది. కెమెరా అడ్డంగా ఉంటే లోపలి గాజు అద్దాల గుంపుని ఎలాగో జరుపుతోంది, కిందికో పైకో చూస్తే ఆ బరువుని మోయలేక ఒక్కోసారి ఒక్కోచోట ఆగిపోతోంది. మీడియం ఫార్మాట్ లెన్సుల్లో గాజు పెద్దది, బరువు ఎక్కువ, కాబట్టి ఈ తేడా ఇంకా బాగా బయటపడుతుందని ఆయనే చెప్పాడు. ఇంకోమాట కూడా అన్నాడు, అది అందరూ గుర్తుపెట్టుకోవాలి: ఇలాంటి మోటార్లు చాలాకాలం కదలకుండా ఉంటే పట్టేస్తాయి, నాలుగైదుసార్లు తిప్పితే వదులై కాసేపు బాగానే నడుస్తాయి. అంటే మీరు షాపుకి వెళ్లేసరికే దాన్ని కాసేపు తిప్పి ఉంచితే మీకు లోపం కనిపించనే కనిపించదు. నాకు అలాగే చేశారని అనను, కానీ నేను అడగలేదు, చూడలేదు. మోటారు విడిగా దొరకదని మెకానిక్ తేల్చేశాడు, సెకండ్ హ్యాండ్ సరుకు వాపసు తీసుకునేది లేదని షాపాయన ఖచ్చితంగా చెప్పేశాడు. చివరికి ఆటోఫోకస్ పనిచేయదని స్పష్టంగా రాసి, మాన్యువల్ లెన్సుగా చాలా తక్కువకి ఇచ్చేశాను. కొన్నాళ్లకి బాడీ కూడా అమ్మేశాను.

ఆ తర్వాత తీసుకున్నది పెంటాక్స్ 645జెడ్, అదీ సెకండ్ హ్యాండే. 2014లో వచ్చిన కెమెరా, 51 మెగాపిక్సెల్, సెన్సర్ 43.8 బై 32.8 మిల్లీమీటర్లు, అంటే మామూలుగా ప్రొఫెషనల్ కెమెరాల్లో ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌కి ఒకటిన్నర రెట్లు దాటిన వైశాల్యం. ఈసారి బాడీ కొనేముందే ఒకటి తేల్చుకున్నాను: నేను కొనే లెన్సులో మోటారు ఎక్కడ ఉంది? పెంటాక్స్ ఎఫ్ఏ 645 లెన్సుల్లో మోటారు ఉండదు. బాడీలో ఉంటుంది, లెన్స్ తగిలించే మౌంట్ దగ్గర చిన్న స్క్రూడ్రైవర్ మొనలాంటిది బయటికి వచ్చి లెన్సులోని గాడిలో కూర్చుని తిప్పుతుంది. 1997లో ఫిల్మ్ కెమెరా 645ఎన్‌తో పాటు వచ్చిన పద్ధతి ఇది. పాతది, చప్పుడు ఎక్కువ, కానీ లెన్సులో చచ్చిపోవడానికి మోటారే లేదు. అదే కంపెనీవి డీఎఫ్ఏ 645 పేరుతో తర్వాత వచ్చిన 55ఎంఎం లాంటి వాటిలో ఎస్‌డీఎం అని లోపలే మోటారు ఉంటుంది, అవి కొనేటప్పుడు చూడాల్సిన తీరు వేరు. అమ్మేవాళ్లు 645 75ఎంఎం అని మాత్రమే రాస్తారు కాబట్టి ముందున్న అక్షరాలు కూడా చూసుకోండి. ఒట్టి ఏ అని ఉంటే అది మాన్యువల్ ఫోకస్ లెన్స్, ఎఫ్ఏ అని ఉంటేనే ఆటోఫోకస్.

నాకు 75ఎంఎం దొరికింది చిత్తూరులో. ఫిల్మ్ రోజుల నుంచి స్టూడియో నడిపి మానేసిన ఒక పెద్దాయన దగ్గర. బండి మీద పూతలపట్టు మీదుగా వెళ్లాను, వెంట నా బాడీ, ట్రైపాడ్, ఒక కలంకారీ చున్నీ, టైలరు టేపు. ఇవన్నీ చూసి ఆయన ఏమనుకుంటాడో అనిపించింది కానీ "చూసుకో నాయనా, తొందరేముంది, కొనేది నువ్వు కదా" అన్నాడు. అలా అన్నాడంటేనే నాకు సగం ధైర్యం వచ్చింది.

ముందు మౌంట్ వైపు చూశాను. ఆ గాడి అంచులు అరిగి గుండ్రబడ్డాయా, పదునుగా ఉన్నాయా అన్నది చూడాలి. పదునుగానే ఉన్నాయి. సరిపోయే చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి నెమ్మదిగా తిప్పితే ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే బరువుతో, ఎక్కడా ఇసుక తగిలినట్టు లేకుండా తిరిగింది. తర్వాత లెన్స్ తగిలించి చున్నీని గోడకి వేలాడదీసి, దాని పక్కన టేపుని ఏటవాలుగా, 30 అంకె సరిగ్గా బట్టతో సమంగా ఉండేలా అంటించాను. అపర్చర్ పూర్తిగా తెరిచి, ఎఫ్ 2.8లో. ప్రతి షాట్‌కి ముందు వాకిలి అవతల కొబ్బరిచెట్టు మీద ఫోకస్ చేసి, అప్పుడు చున్నీలోని నెమలి కన్ను మీదికి వచ్చి తీశాను, ఇలా 20. తర్వాత దగ్గరగా పట్టుకున్న ఆయన అరచేతి మీద ఫోకస్ చేసి, మళ్లీ నెమలి కన్ను, ఇలా ఇంకో 20. దూరం నుంచి వచ్చినా దగ్గర్నుంచి వచ్చినా ఫోకస్ ఒకేచోట ఆగాలి, లోపలి పళ్లచక్రాలు వదులైతే రెండు వైపులా రెండు చోట్ల ఆగుతుంది.

40లో 38 ఒకేచోట ఆగాయి. మిగతా రెండూ గీతలేని తెల్లబట్ట మీద పాయింట్ పడినవి, అక్కడ ఏ లెన్సయినా తడబడుతుంది. కానీ ఆ 38 ఆగింది 30 మీద కాదు, 29 దగ్గర! అంటే బట్టకన్నా కాస్త ముందు. ఇక్కడే చాలామంది లెన్స్ పాడైందని వదిలేస్తారు. లైవ్ వ్యూ పెట్టి అదే నెమలి మీద ఫోకస్ చేశాను, సరిగ్గా 30 మీద కూర్చుంది. లైవ్ వ్యూలో కెమెరా సెన్సర్ మీద పడే బొమ్మనే చూసి ఫోకస్ చేస్తుంది, వ్యూఫైండర్‌లో చూసేటప్పుడు విడిగా ఉన్న ఫోకస్ సెన్సర్ లెక్క వేస్తుంది. ఒకదాంట్లో సరిగ్గా, ఇంకోదాంట్లో ఎప్పుడూ అంతే తేడాతో వచ్చిందంటే లెన్స్ బాగానే ఉంది, ఆ బాడీకీ ఈ లెన్సుకీ లెక్క కుదరలేదంతే. 645జెడ్ మెనూలో ఏఎఫ్ ఫైన్ అడ్జస్ట్‌మెంట్ ఉంది, అక్కడే కూర్చుని నాలుగు నిమిషాల్లో సరిచేశాను. ఎప్పుడూ ఒకేచోట తప్పితే సరిచేసుకోవచ్చు, ఒక్కోసారి ఒక్కోచోట తప్పితే దాన్ని ఏ సెట్టింగూ బాగుచేయలేదు. నా మొదటి లెన్స్ రెండో రకం.

చివరగా చున్నీని నేల మీద పరిచి కెమెరా కిందికి పెట్టి పది షాట్లు, పైకి తిప్పి పైకప్పు ఫ్యాన్ మీద పది, మొదటి లెన్స్ తడబడింది ఇలాంటప్పుడే కదా. ఇరవై రెండు వేలు ఇచ్చాను, బేరం ఆడలేదు.

ఇక ఏడాది వాడకం. సెన్సర్ పెద్దది కాబట్టి ఇది ఫుల్ ఫ్రేమ్‌లో 60ఎంఎంకి దగ్గరగా ఉంటుంది, బట్టలకీ పెళ్లికూతురు ఒంటరి ఫొటోలకీ చక్కగా సరిపోతుంది. అపర్చర్ మూసి ఎఫ్ 8లో తీస్తే కలంకారీ బట్ట మూల నుంచి మూలకి నేత పోగులతో సహా కనిపిస్తుంది. ఎఫ్ 2.8లో మూలలు మెత్తగా ఉంటాయి, అంచుల దగ్గర నల్లగీతల చుట్టూ కొద్దిగా ఊదారంగు వస్తుంది. దగ్గర ఫోకస్ 60 సెంటీమీటర్లు, ఆ దూరంలో ఎఫ్ 2.8 పెడితే షార్ప్‌గా ఉండే లోతు సుమారు ఒక సెంటీమీటరే, ముక్కుపుడక షార్ప్‌గా ఉంటే కంటిరెప్పలు పోతాయి. అంత సన్నటి లోతులో ఫోకస్ ఏమాత్రం జారినా దాచుకోవడానికి చోటు లేదు.

చప్పుడు మాత్రం ఉంది. గిర్రుమని తిరుగుతుంది, ముహూర్తం టైములో మంత్రాల మధ్య పక్కవాళ్లు తిరిగి చూస్తారు. మసక వెలుతురులో ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. పరిగెత్తే పిల్లల్ని పట్టుకోలేదు, ఆ పనికి నేను వేరే కెమెరా తీసుకెళ్తాను. 645జెడ్‌లో ఫోకస్ పాయింట్లు 27 ఉన్నా అన్నీ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి, పక్కన నిలబెట్టిన మనిషి కంటి మీద పాయింట్ పెట్టలేం, అది లెన్స్ తప్పు కాదు గానీ తెలిసి కొనాలి.

వేరే కంపెనీలు చూసేవాళ్లకి రెండు మాటలు. ఫుజీ జీఎఫ్ఎక్స్ లెన్సుల్లో ఫోకస్ రింగు తిప్పినా కదిపేది లోపలి మోటారే, కాబట్టి అది పోతే మాన్యువల్ ఫోకస్ కూడా పోయినట్టే, నాలాగా మాన్యువల్ లెన్స్ అని చెప్పి అమ్ముకునే దారి కూడా ఉండదు. వీటిని ఇంకా ఎక్కువసేపు, కెమెరాని అన్ని వైపులా తిప్పి చూడండి. హాసెల్‌బ్లాడ్ హెచ్‌సీ లెన్సుల్లో షట్టర్ కూడా లెన్సులోనే ఉంటుంది, అది ఎన్నిసార్లు కొట్టిందో లెక్క చూపించమని అడగండి. కాంటాక్స్ 645 బొమ్మలు చూసి మనసు పడేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకూ ఇష్టమే, కానీ ఆ తయారీ 2005లోనే ఆపేశారు, ఆటోఫోకస్ పోతే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ముందే కనుక్కుని కొనండి.

ఏ షాపుకి వెళ్లినా లెన్స్ చల్లగా, ఎవరూ తిప్పకముందు మొదటిసారి ఎలా కదులుతుందో చూడండి. వీలైతే పరీక్ష చేసి, అక్కడే పెట్టేసి, భోంచేసి వచ్చి మళ్లీ చూడండి. నవంబర్ వానల్లో మన దగ్గర తేమ సంగతి తెలిసిందే, నేను మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి పెడతాను, వారానికోసారి బయటికి తీసి రెండు నిమిషాలైనా ఫోకస్ తిప్పుతాను.

చిత్తూరు పెద్దాయన దగ్గర ఎఫ్ఏ 645 150ఎంఎం కూడా ఉంది. ఆయన ఇంకా అమ్మాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఇస్తానంటే అదే చున్నీ తీసుకుని వెళ్తాను, 40 షాట్లు తీశాక ఎలా ఉందో రాస్తాను.