నడుము వెన్నెముక కొలతలకు సీటీ స్కానా, ఎంఆర్‌ఐనా?

కోనసీమ వరిచేలలో ఏళ్ల తరబడి వంగి నాట్లు వేసినవారు నడుము నొప్పితో, కాళ్ల తిమ్మిరితో అమలాపురమో కాకినాడో వెళ్లినప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఎముక కొలతల్లో సీటీదే పైచేయి. స్క్రూలు బిగించే శస్త్రచికిత్సకు ముందు పెడికల్ (వెన్నుపూస ముందు భాగాన్ని వెనుక భాగంతో కలిపే ఎముక) వెడల్పును అదే స్పష్టంగా చూపుతుంది. నరాల దారి ఎంత ఇరుకైందో తేల్చడానికి మాత్రం నా మొగ్గు ఎంఆర్‌ఐ వైపే. ఆ దారి, అంటే వెన్నుకాలువ, ముందువెనుకల వ్యాసం 10 మిల్లీమీటర్లకు తగ్గితే తీవ్రమైన ఇరుకుగా భావించడం వాడుకే గానీ, ఎముకల మధ్య చాలినంత చోటున్నా ఉబ్బిన డిస్కు, మందమెక్కిన లిగమెంటు (ఎముకలను కలిపే పట్టీ) కలిసి నరాలను నొక్కవచ్చు. టీ2 అనే రకం ఎంఆర్‌ఐ చిత్రంలో తెల్లగా కనిపించే ద్రవం మధ్య నల్లని నరాల పోగులు ఎంత ఒత్తుకుపోయాయో నేరుగా చూడవచ్చు. పైగా ఇందులో ఎక్స్‌రే కిరణాలుండవు. పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం ఎంఆర్‌ఐకి ముందే చెప్పాలి. రెండింటినీ సాధారణంగా పడుకోబెట్టే తీస్తారు కనుక, నిలబడినప్పుడు పెరిగే ఇరుకు ఆ అంకెల్లో పూర్తిగా కనిపించకపోవచ్చు.