ఎడారిలో పాడుబడిన గనుల ఊరు: కోల్మన్‌స్కోప్, హంబర్‌స్టోన్, రయొలైట్‌లలో ఏది మేలు?

ఎడారిలో పాడుబడిన గనుల ఊరిని చూడాలనుకునే హైదరాబాదు వాసులు ముందుగా తేల్చుకోవలసింది, తమకు కావలసింది కంటికి విందా, లేక అక్కడ బతికిన మనుషుల కథా అన్నది. నమీబియాలోని కోల్మన్‌స్కోప్, చిలీలోని హంబర్‌స్టోన్, అమెరికాలోని రయొలైట్ మూడూ గనుల మీద బతికి, అవి చితికిపోగానే ఖాళీ అయిన ఊళ్ళే అయినా, మూడింటిలోనూ చూడటానికి మిగిలినది ఒకటి కాదు.

కోల్మన్‌స్కోప్ వజ్రాల ఊరు. 1908లో రైలు పట్టాల మీద ఇసుక ఎత్తిపోస్తున్న జకరియాస్ లెవాలా అనే కూలీకి ఒక మెరిసే రాయి దొరకడం, అతడు దానిని తన పైఅధికారి ఆగస్ట్ స్టౌఖ్‌కు చూపించడంతో దాని చరిత్ర మొదలైంది. వజ్రాలు ఇసుక పైపొరలోనే ఉండటం వల్ల కూలీలు వరుసగా నేల మీద పాకుతూ వాటిని చేత్తో ఏరేవారు. ఊరిలో ఆసుపత్రి, ఐసు ఫ్యాక్టరీ, నాట్యశాల వెలిశాయి. ఎక్స్‌రే యంత్రం కూడా వచ్చింది, అయితే అది రోగుల కోసమే కాదు, కూలీలు వజ్రాలు మింగారేమో కనిపెట్టడానికి కూడా పనికివచ్చింది. 1928లో దక్షిణాన ఆరెంజ్ నది వైపు మరింత గొప్ప నిక్షేపాలు బయటపడగా జనం అటు తరలిపోయారు, 1956 నాటికి ఊరు పూర్తిగా ఖాళీ అయింది. గోల్కొండ వజ్రాల పేరు చెప్పుకునే మనం వాటిని ఇచ్చిన కొల్లూరును చూద్దామన్నా, అది పులిచింతల జలాశయంలో మునిగిపోయింది.

ఇక్కడ అసలు ఆకర్షణ ఇసుకే. తలుపు సగానికి పైగా పేరుకున్న ఇసుక, గదుల్లో గాలి గీసిన అలలు, వెలిసిన నీలం, పసుపు గోడలు ఫొటోలకు ఎంతో బాగుంటాయి. మామూలు టికెట్టు మీద సాధారణంగా మధ్యాహ్నం ఒంటి గంట వరకే ఉండనిస్తారు. ఏటవాలు ఎండలో ఫొటోలు కావాలంటే అదనపు రుసుముతో ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది కనుక పొద్దున్నే వెళ్ళడమే మంచిది. నమీబియా రాజధాని విండ్‌హోక్ నుంచి కోల్మన్‌స్కోప్ పక్కనున్న లూడెరిట్జ్ పట్టణానికి కారులో దాదాపు ఒక రోజు ప్రయాణం, కానీ అక్కడ కూడా వాహనాలు మనలాగే ఎడమ వైపున నడుస్తాయి. లోటల్లా ఒక్కటే: యాత్రికులు తిరిగే ఇళ్ళు మేనేజరువి, డాక్టరువి, టీచరువి, పాకుతూ రాళ్ళు ఏరినవారు ఎలా బతికారో ఆ ఇళ్ళు చెప్పవు.

నా మొగ్గు హంబర్‌స్టోన్ వైపు ఉండటానికి కారణం అదే. అటకామా ఎడారిలో, ఇకికే ఓడరేవుకు 48 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు ఎరువులకు, మందుగుండుకు వాడే సురేకారం అనే లవణం మీద బతికింది. అక్కడ కూలీల ఇళ్ళ వరుసలు, బడి, నాటకశాల, ఓడ ఇనుప రేకులతో కట్టిన ఈతకొలను ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. కంపెనీ జీతాన్ని నగదుగా కాక, తన దుకాణంలో తప్ప చెల్లని బిళ్ళల రూపంలో ఇచ్చేది. ఆ దుకాణంలో నిలబడితే కూలీ సంపాదన తిరిగి యజమాని దగ్గరికే ఎలా చేరేదో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. జర్మనీలో కృత్రిమ అమోనియా తయారీ మొదలయ్యాక చిలీ సురేకారానికి గిరాకీ పడిపోయింది. 1960లో ఊరు మూతపడింది. మన రైతులు చల్లే యూరియాకు మూలం కూడా ఆ అమోనియా పద్ధతే. పక్కనే ఉన్న సాంతా లౌరా కర్మాగారంతో కలిపి యునెస్కో దీనిని 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే చిలీ రాజధాని శాంటియాగో చేరడమే ఒక పెద్ద ప్రయాణం, అక్కడి నుంచి ఇకికేకు మళ్ళీ విమానం ఎక్కాలి. కాబట్టి దసరా సెలవులకు సరిపోయేది కోల్మన్‌స్కోపే. చిలీకి దీర్ఘమైన సెలవు, దానికి తగిన ఖర్చు తప్పవు.

రయొలైట్ కోసం ప్రత్యేకంగా అంత దూరం వెళ్ళనక్కరలేదు గానీ, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి, లాస్ వేగాస్ కూడా చూసే తల్లిదండ్రులకు అది రెండు గంటల దారి, ప్రవేశం ఉచితం. 1905లో బంగారం ఆశతో వెలిసిన ఆ ఊరిలో మూడంతస్తుల బ్యాంకు మొండిగోడలు, 1906లో వేలాది సీసాలతో కట్టిన ఇల్లు చూడటానికి గంట చాలు. పక్కనే ఉన్న డెత్ వ్యాలీలో వేసవి ఎండ 50 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి జూన్, జూలైలలో వెళ్ళేవారు పొద్దున్నే చూసుకుని తిరిగి రావాలి; అక్కడ రాటిల్ స్నేక్ అనే విషసర్పాలు తిరుగుతాయి, రాళ్ళ సందుల్లో చేయి పెట్టకూడదు.