పులిహోర వాసనకి 40 పౌండ్లు, పక్షుల కంపు మాత్రం ఫ్రీ

ముందు కోపం కక్కేసి తర్వాత పక్షుల సంగతికొస్తాను. ఇంగ్లాండ్‌లో యార్క్‌షైర్ తీరాన బ్రిడ్లింగ్టన్ అనే ఊళ్ళో మేం దిగిన గెస్ట్ హౌస్ వాళ్ళు, మేం ఖాళీ చేసి బయల్దేరిన గంటకి మా కార్డు మీంచి 40 పౌండ్లు లాగేశారు. కారణం అడిగితే "గదిలో తిండి వాసన, స్పెషల్ క్లీనింగ్" అన్నారు. ఆ తిండి మా అత్తయ్య స్టీలు డబ్బాలో తెచ్చిన పులిహోర. వండలేదు, వేడి చెయ్యలేదు, డబ్బా మూత తీసి తిన్నాం, అంతే. కిటికీ కూడా తెరిచే ఉంది, ఎందుకంటే అది మూసుకోదు.

ఆ కిటికీ కథ వేరే ఉంది. గది రాత్రికి 98 పౌండ్లు, సముద్రం కనిపించే గదైతే ఇంకో 20. మామయ్యకీ అత్తయ్యకీ ఇక్కడికి రావడం మొదటిసారి కదా, పోనీలే అని రెండు గదులకీ ఆ 20 కట్టాం. మాది అటక మీది గది. మునివేళ్ళ మీద నిలబడి, మెడ పక్కకి వంచితే, రెండు చిమ్నీల మధ్య జానెడు నీలం రంగు కనిపిస్తుంది. వాళ్ళ గదిలోంచి అదీ లేదు, కార్ పార్కూ, దాని అవతల ఇంకో హోటలూ. మామయ్య కరెంటాఫీసులో లెక్కలు చూసి రిటైరైన మనిషి, బిల్లు చేతిలోకి తీసుకుని "ఏమ్మా, ఈ 20 సముద్రానికా, చిమ్నీకా?" అన్నారు. ఆ చిమ్నీ మీద గల్స్ అనే సముద్రపక్షులు కాపురం పెట్టాయి. జూన్‌లో ఇక్కడ తెల్లవారుజామున మూడున్నరకే వెలుతురొస్తుంది, వెలుతురుతో పాటే వాటి అరుపులూ మొదలవుతాయి. అత్తయ్య మాత్రం ఆ అరుపులకే లేచి హాయిగా జపం చేసుకుంది.

ఇంకోటి. బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిదిన్నర నుంచే. ఫొటోలకి వెళ్ళేవాళ్ళం, పొద్దున్నే బయల్దేరాలి, రెండు బ్రెడ్డు ముక్కలూ పండూ ప్యాక్ చేసిస్తారా అంటే, అలాంటి పద్ధతి లేదంది ఓనరమ్మ. తినని బ్రేక్‌ఫాస్ట్‌కి డబ్బులు తగ్గించారా అంటే అదీ లేదు. పక్షులు చూడ్డానికి వచ్చేవాళ్ళతో బతికే ఊళ్ళో ఇదేం పద్ధతో! మా వారేమో "40 పౌండ్లే కదా, వదిలెయ్" అన్నారు. లీడ్స్ చేరేదాకా ఆయనతో మాట్లాడలేదు నేను. బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, ఇంకా తేలలేదు. గది ఖాళీ చేసేముందు నాలుగు మూలలూ వీడియో తీసి పెట్టుకున్నాను కాబట్టి ధైర్యంగా ఉన్నాను. మీరూ తీసుకోండి, ఎంత మంచి హోటలైనా సరే.

ఇక అసలు సంగతి. బ్రిడ్లింగ్టన్‌కి ఉత్తరాన బెంప్టన్ క్లిఫ్స్ అని సుద్దరాతి కొండచరియలున్నాయి. సుమారు వంద మీటర్ల ఎత్తు, తెల్లటి గోడ సముద్రంలోకి నిలువునా దిగిపోతుంది. మార్చి నుంచి అక్టోబర్ మధ్యలో అక్కడ చేరే సముద్రపక్షులు దాదాపు ఐదు లక్షలట. పక్షుల్ని కాపాడే ఆర్‌ఎస్‌పీబీ అనే బ్రిటిష్ సంస్థ వాళ్ళ రిజర్వ్ అది, మెంబర్లకి ఫ్రీ, మిగతావాళ్ళు ఎంట్రీ కట్టాలి. కట్టిన ప్రతి పైసా వసూలవుతుంది, ఈ మాట నేను ఆ గెస్ట్ హౌస్ బిల్లు చేతిలో పెట్టుకుని అంటున్నాను. చరియ అంచున కంచె కట్టిన వ్యూ పాయింట్లున్నాయి, దారి చాలావరకు సాఫీగా ఉంది, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య కూడా మెల్లగా నడిచొచ్చేసింది.

మొదట తగిలేది కంపు. ఎండుచేపలూ సున్నమూ కలిపి ఉడికించినట్టు ముక్కు బద్దలయ్యే కంపు, గాలి మనవైపు వీస్తే కళ్ళు కూడా మండుతాయి. రెట్టల మీద తరతరాల రెట్టలు మరి. పులిహోరకి 40 వేసిన ఆవిణ్ణి తెచ్చి ఇక్కడ నిలబెట్టాలి అనిపించింది.

తర్వాత కిందికి చూస్తే మతిపోతుంది. గిల్లెమాట్ పక్షులు గూడంటూ కట్టవు, అరచెయ్యి వెడల్పున్న రాతి గట్ల మీద గోడకి మొహం పెట్టి, పండగ రోజు ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీద జనంలా కిక్కిరిసి నిలబడతాయి. ఒక్కో జంటకి ఒక్కటే గుడ్డు, అదీ బేరిపండు ఆకారంలో ఒకవైపు కొసదేరి ఉంటుంది. వాటి పక్కనే లావు ముక్కు మీద తెల్లగీత ఉన్న రేజర్‌బిల్స్, బురదా గడ్డీ అతికించి గూడు కట్టుకుని తమ పేరు తామే అరుచుకునే కిట్టివేక్స్. ఇక పఫిన్, రంగురంగుల ముక్కున్న పక్షి. అందరూ దాని కోసమే వస్తారు, అత్తయ్య కూడా పోస్టర్ల మీద చూసి ఆశపడింది. తీరా చూస్తే పావురమంత కూడా లేదు. "ఇంతేనా అమ్మాయ్? దీనికా ఇంత దూరం వచ్చాం?" అని మొహం చిన్నబుచ్చుకుంది. బెంప్టన్‌లో పఫిన్లు నేలలో బొరియలు కాకుండా రాతి పగుళ్ళలో ఉంటాయి, పైగా తక్కువ, దూరం. 400 ఎంఎం కన్నా చిన్న లెన్సుతో వెళ్తే ఎర్రచుక్క తప్ప ఏమీ రాదు.

అందుకే నా ఓటు గానెట్ అనే తెల్లటి సముద్రపక్షికి. రెక్కలు చాపితే రెండు మీటర్లకి కాస్త తక్కువ. ఇంగ్లాండ్ ప్రధాన భూభాగం మీద ఇవి గూళ్ళు కట్టే చోటు ఇదొక్కటే. స్టేపుల్ న్యూక్ అనే వ్యూ పాయింట్ దగ్గర ఒకటి కంచె ఇవతలి పచ్చిక మీద, మాకు నాలుగడుగుల దూరంలో దిగి, మాతో పనే లేనట్టు గడ్డి పీకడం మొదలుపెట్టింది. లేత పసుపు తల, నీలిబూడిద ముక్కు మీద నల్ల గీతలు, కంటి చుట్టూ నీలం రింగు, నల్లటి కాలివేళ్ళ పొడవునా ఆకుపచ్చ గీతలు. ముక్కునిండా గడ్డి కుక్కుకుని, ఒక ఎర్రపువ్వు కూడా కోసుకుని, అంచు దాకా తడబడుతూ నడిచి గాల్లోకి దూకేసింది. కింద గూట్లో జంటపక్షి మెడ పైకెత్తింది, రెండూ ముక్కూ ముక్కూ టకటకమని కొట్టుకున్నాయి. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని "మీ మామయ్య ఏనాడూ పువ్వు తేలేదు" అంది. ఆయన వినిపించుకోనట్టు బైనాక్యులర్స్ సర్దుకున్నారు.

ఫొటోలు తీసేవాళ్ళకి ఒక మాట. ఈ చరియలు ఉత్తరానికి తిరిగి ఉంటాయి కాబట్టి వేసవిలో తెల్లవారుజామునా సాయంత్రమూ మాత్రమే గోడ మీద ఎండ పడుతుంది. మధ్యాహ్నం వెళ్తే అంతా నీడే. మేం వెళ్ళేసరికి విజిటర్ సెంటర్ ఇంకా తెరవలేదు, దారి మాత్రం తెరిచే ఉంది. గాలి సముద్రం మీంచి చరియకి కొట్టే రోజున గానెట్లు రెక్క ఆడించకుండా మన కళ్ళెదురుగా ఆగిపోతాయి, ఆ రోజు దొరికితే వదలొద్దు. షట్టర్ 1/2000 పైన పెట్టుకుని, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి, లేకపోతే తెల్లరెక్కలు సుద్దముక్కల్లా పాలిపోతాయి.

మామయ్యకి పక్షుల కన్నా వాటి చరిత్ర నచ్చింది. 19వ శతాబ్దంలో జనం పడవలేసుకొచ్చి సరదాకి వీటిని కాల్చేవాళ్ళు, కిట్టివేక్ రెక్కలు ఆడవాళ్ళ టోపీలకి వెళ్ళేవి. ఈ తీరంలో జరిగిన చంపుడు చూడలేక చేసిన గొడవ వల్లే 1869లో సముద్రపక్షుల రక్షణ చట్టం వచ్చింది. తాళ్ళు కట్టుకుని చరియ దిగి గుడ్లు ఏరుకొచ్చే పని మాత్రం 1954 చట్టం దాకా సాగింది. "తాడు తెగితే ఇన్సూరెన్స్ ఉండేదా?" అనే ఆయన ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు.

దగ్గర్లోనే సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఫ్లాంబరో హెడ్ అనే కొండకొమ్ము కూడా బాగుంది, 1806 నాటి లైట్‌హౌస్ ఉంది, కింద తీరపు వంపులో సీల్స్ పడుకుని కనిపించాయి. అలల పోటు టైములు చూసుకుని దిగాలి. పడవ షికారు కూడా చేశాం, మా వారు వాంతులు చేసుకున్నారు, అంతకన్నా రాయడానికేం లేదు.

శాకాహారులు ఈ పేరా చదవండి. యార్క్‌షైర్‌లో చాలాచోట్ల చిప్స్‌ని, అంటే లావుపాటి బంగాళదుంప ముక్కల్ని, ఆవుకొవ్వులో వేయిస్తారు. ఉత్త బంగాళదుంపే కదా అని కొనబోతుంటే, షాపులో చిన్నపిల్ల, ఇరవయ్యేళ్ళుంటాయేమో, అత్తయ్య బొట్టూ చీరా చూసి "ఇవి బీఫ్ డ్రిప్పింగ్‌లో వేసినవి, మీకు పర్వాలేదా?" అని తనే అడిగింది. అమ్మకం పోతుందని తెలిసీ అడిగింది. నూనెలో వేయించే షాపు ఏ సందులో ఉందో బయటికొచ్చి చూపించింది కూడా. అక్కడ నలుగురం తిన్నది 16 పౌండ్ల 40 పెన్నీలు. ట్రిప్పంతటిలో మనసారా పెట్టిన డబ్బు అదే.

పఫిన్లు జులై చివరికి సముద్రంలోకి వెళ్ళిపోతాయి, గానెట్లు అక్టోబర్ దాకా ఉంటాయి. కారు లేకపోతే బెంప్టన్‌కి రైలుంది, స్టేషన్ నుంచి రిజర్వ్‌కి మైలున్నర నడక. జూన్‌లోనైనా మంకీ క్యాప్ పెట్టుకోండి, మామయ్యది చూసి నవ్విన మా వారు అరగంటలో అదే అడుక్కున్నారు.