హిచ్‌కాక్ పాత ఎపిసోడ్లలో ముందు ఏవి చూడాలంటే
ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్ సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ పేరుతో 1955లో మొదలైన బ్లాక్ అండ్ వైట్ టీవీ సిరీస్, ఒక్కో కథ అరగంటలోపే. ముందు ‘ల్యాంబ్ టు ది స్లాటర్’ చూడండి. గడ్డకట్టిన గొర్రె తొడతో మొగుణ్ణి కొట్టి చంపిన భార్య దాన్నే వండి, ఆరా తీయడానికొచ్చిన పోలీసులకు పెడుతుంది, వాళ్లు లొట్టలేసుకుంటూ ఆయుధం ఎక్కడుందా అని మాట్లాడుకుంటుంటే పక్క గదిలో ఆవిడ నవ్వే నవ్వు చూడాలి, అబ్బ! అమలాపురంలో మా అత్తయ్యయితే ‘ఒసేయ్, తినేస్తున్నారే!’ అని అరిచేసింది. 1960 నాటి ‘మ్యాన్ ఫ్రం ది సౌత్’లో పందెం ప్రకారం లైటర్ వరసగా పదిసార్లు వెలగాలి, లేదంటే చిటికెన వేలు పోతుంది, ప్రతి క్లిక్‌కీ టెన్షనే. ‘బ్రేక్‌డౌన్’ నెమ్మదే గానీ ఒళ్లు కదపలేని మనిషిగా నటుడు జోసెఫ్ కాటన్ కదలని మొహంతో భయపెట్టేశాడు. 1962లో గంట నిడివికి మార్చాక వచ్చినవి మాత్రం నాకు సాగదీసినట్టే అనిపించాయి.