క్లస్టర్ తలనొప్పి వాళ్లకు అవుచ్ యూకే ఎంతవరకు పనికొస్తుంది?

ఒక కంటి చుట్టూ భరించలేని నొప్పి, ఆ కంట్లోంచే నీళ్లు, అటువైపే ముక్కు దిబ్బడ. మైగ్రేన్ వాళ్లు లైటార్పి కదలకుండా పడుకుంటారు, క్లస్టర్ వాళ్లు మాత్రం నిలవలేక గదంతా తిరుగుతారు. ఒక్కోసారి 15 నిమిషాల నుంచి 3 గంటలు, కొందరికి రోజుకు 8 సార్లు దాకా. సైనస్ అనుకుని, పళ్లు పీకించుకుని ఏళ్లు గడిపేసేవాళ్లూ ఉన్నారు. ఈ బాధితుల కోసం బ్రిటన్‌లో పనిచేసే స్వచ్ఛంద సంస్థ అవుచ్ యూకే.

దీని అసలు బలం ఆక్సిజన్ సమాచారం. డాక్టరు చీటీ మీద ‘ఆక్సిజన్’ అని రాసిస్తే సరిపోదు, పని చెడేది సామాను దగ్గర. రిజర్వాయర్ సంచి ఉన్న ఎన్‌ఆర్‌బీఎం (నాన్ రీబ్రీదర్, వదిలిన గాలి మళ్లీ పీల్చనివ్వని) మాస్కే కావాలి. ముక్కు గొట్టాలు, మామూలు మాస్కు పెడితే గది గాలి కలిసిపోతుంది. నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు, నొప్పి మొదలవగానే, కూర్చుని కాస్త ముందుకు వంగి, 15 నిమిషాలు. పీల్చినప్పుడు సంచి పూర్తిగా ముడుచుకుపోతే ఫ్లో చాలడం లేదన్నమాట. 2009లో అచ్చయిన బ్రిటన్ పరీక్షలో 12 లీటర్లతో 78 శాతం దాడులు 15 నిమిషాల్లో లొంగాయి, ఉత్త గాలితో 20 శాతమే. పారాసెటమాల్ మింగి ఎదురుచూడటం దండగ. ఆక్సిజన్ అందకపోతే సుమాట్రిప్టాన్ 6 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, అదీ గుండెజబ్బు లేనివాళ్లకే.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఈ సంస్థ నేరుగా ఉపయోగం. డాక్టరు హోమ్ ఆక్సిజన్ ఫారం నింపితే సిలిండర్ ఇంటికే వస్తుంది. మన దగ్గరైతే సంస్థ ఇచ్చే సమాచారంలో ఆ ఫారాల భాగం దాటేయండి, మిగతాది డాక్టరుకు చూపించండి. ఇక్కడ అద్దెకు తేలిగ్గా దొరికే 5 లీటర్ల కాన్సెంట్రేటర్ (గది గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే యంత్రం) దీనికి చాలదు. 1,500 లీటర్ల బి-టైప్ సిలిండర్ 12 లీటర్ల లెక్కన ఎనిమిది దాడులకు వస్తుంది. సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. సిలిండర్ ఉన్న గదిలో సిగరెట్ వద్దు, రెగ్యులేటర్‌కు నూనె తగలనివ్వొద్దు.

సిలిండర్ తెచ్చుకునేటప్పుడు షాపులోనే ఫ్లో మీటర్ 15 దాకా తిప్పించి చూడండి. 10 దగ్గరే ఆగిపోతే మార్పించుకోండి.